మానోమెట్రీ గొట్టం జీర్ణాశయం దాకా వెళ్లలేదన్నారు... మళ్లీ చేయించుకోవాలా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. ఎనిమిది నెలలుగా ఏం తిన్నా, నీళ్లు తాగినా ఛాతీలో ఆగినట్లు ఉంటోంది. ఎండోస్కోపీలో పుండ్లు, గడ్డలు లేవన్నారు. తర్వాత చేసిన మానోమెట్రీ రిపోర్టులో మాత్రం ‘క్యాథెటర్ కింది కవాటాన్ని దాటలేదు, పరీక్ష అసంపూర్ణం’ అని రాశారు. ఇది వాళ్ల పొరపాటేనా? మళ్లీ ఆ గొట్టం వేయించుకోక తప్పదా?

సమాధానం: ఆ మాటను దాచకుండా రాయడం మీకు మేలే చేసింది. గొట్టం ఎక్కడ ఆగిందో చూసుకోకుండా ఇచ్చే రిపోర్టుతోనే అసలు చిక్కు.

మానోమెట్రీ అంటే అన్నవాహికలోని పీడనాన్ని కొలిచే పరీక్ష. ముక్కులోంచి వేసే ఈ సన్నని గొట్టం (క్యాథెటర్) మీద సాధారణంగా 1 సెంటీమీటరు ఎడంతో 36 సెన్సర్లు ఉంటాయి. వాటిలో కింది చివరివి జీర్ణాశయంలోకి కొన్ని సెంటీమీటర్లు దిగితేనే, మింగినప్పుడు అన్నవాహిక జీర్ణాశయాన్ని కలిసేచోట ఉండే కింది కవాటం ఎంతవరకు సడలుతోందో జీర్ణాశయంలోని పీడనంతో పోల్చి లెక్కగట్టగలం. మింగినా ఈ కవాటం సరిగా సడలని ‘అకలేషియా’ అనే జబ్బును తేల్చడానికి ఈ లెక్కే కీలకం. గొట్టం పైనే ఆగిపోతే, యంత్రం ఏదో ఒక అంకె చూపినా అది కవాటానిది కాదు. సడలని కవాటాన్ని కూడా బాగానే ఉందని పొరబడే ప్రమాదం ఉంది.

గొట్టం దిగిందో లేదో తెలుసుకోవడానికి రోగిని గట్టిగా ఊపిరి పీల్చమంటారు. అప్పుడు ఛాతీలో పీడనం తగ్గుతుంది, పొట్టలో పెరుగుతుంది. గొట్టం కింది చివరి వరకూ ఎక్కడా పెరగకుండా అంతటా పీడనం తగ్గుతూనే కనబడితే గొట్టం ఇంకా ఛాతీలోనే ఉన్నట్లు. లోపల మడత పడితే తెర మీది రంగుల చిత్రం అద్దంలో ప్రతిబింబంలా రెండుగా కనబడుతుంది. శ్వాసనాళంలోకి వెళితే సాధారణంగా విపరీతమైన దగ్గు వస్తుంది, మాట పెగలదు, కాబట్టి వెంటనే తీసేస్తారు.

ఇక పొరపాటా అన్నది. వేసినవారి నైపుణ్యం కొంత కారణం కావచ్చుగానీ, బిగుసుకున్న కవాటం, వంకర తిరిగిన అన్నవాహిక, పెద్ద హయాటస్ హెర్నియా (జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి జరగడం) ఉన్నవారిలో అనుభవజ్ఞులకూ గొట్టం దిగకపోవడం మామూలే. దిగకపోవడమే ఒక ఆనవాలు కావచ్చు, అంతమాత్రాన జబ్బు నిర్ధారణ అయినట్లు కాదు.

పరీక్ష మళ్లీ చేయాల్సి వస్తే, ఎండోస్కోపీ సాయంతో గొట్టాన్ని జీర్ణాశయంలోకి చేర్చవచ్చేమో మీ గ్యాస్ట్రోఎంటరాలజిస్టును అడగండి. అందుకు మత్తు ఇస్తే దాని ప్రభావం ఫలితంపై పడకుండా ఆయన చూసుకుంటారు. ఈలోగా బేరియం మింగించి, నిర్ణీత నిమిషాలకు ఎక్స్‌రేలు తీసే పరీక్ష చేయిస్తే అది కిందికి ఎంత దిగుతోందో తెలుస్తుంది. కొందరిలో దీన్ని మిగతా పరీక్షలతో కలిపి చూస్తే మానోమెట్రీ మళ్లీ అక్కర్లేకపోవచ్చు. నల్లమందు జాతి నొప్పి మాత్రలు వాడుతుంటే తప్పక చెప్పండి, అవి కవాటం తీరును మార్చి అకలేషియాలా కనిపించేలా చేయగలవు. ఈ అసంపూర్ణ రిపోర్టు ఒక్కదాని ఆధారంగా కవాటాన్ని బెలూన్‌తో వెడల్పు చేసే చికిత్సకుగానీ, ఆపరేషన్‌కుగానీ ఒప్పుకోకండి. అయితే బరువు తగ్గుతున్నా, రాత్రిళ్లు తిన్నది పైకి తన్ని దగ్గు వస్తున్నా, నీళ్లు కూడా దిగకపోయినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లండి.