డాక్టర్ సలహా: షుగర్ ఉంటే పన్ను తీయించుకోకూడదా?

ప్రశ్న: నా వయసు 56. తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది. ఉదయం, రాత్రి మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర, బీపీకి టెల్మిసార్టాన్ వేసుకుంటున్నాను. కుడివైపు కింద చివరి దవడ పన్ను ఆర్నెల్లుగా ఊగుతోంది. నొప్పి వచ్చినప్పుడల్లా మెడికల్ షాపులో మూడు రోజులకు మాత్రలు తెచ్చుకుంటే తగ్గిపోయేది. ఈసారి రెండు రోజులుగా దవడ కింద వాపు, నోరు పూర్తిగా తెరుచుకోవడం లేదు. పోయిన నెల హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 9.4. షుగర్ ఉన్నవాళ్లు పన్ను తీయించుకుంటే పుండు మానదంటున్నారు. నిజమేనా? తీయించి ఇంప్లాంట్ (ఎముకలో బిగించే కృత్రిమ పన్ను) పెట్టించుకుంటే ఎంతకాలం మన్నుతుంది?
– ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: ఇంప్లాంట్ సంగతి తర్వాత. దవడ కింద వాపు, నోరు తెరుచుకోకపోవడం అని ఒక్క వాక్యంలో రాసి ముందుకెళ్లిపోయారు. నాకు భయం వేసింది దానికే. ఇది చదివే సమయానికి వాపు అలాగే ఉంటే ఈరోజే దంతవైద్యుణ్ని కలవండి. రేపటిదాకా ఆగొద్దు.

ఒక చిన్న పరీక్ష చేసుకోండి. చూపుడు, మధ్య, ఉంగరం వేళ్లు మూడూ దగ్గరగా చేర్చి, నిలువుగా పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య పెట్టండి. మామూలుగా మూడు వేళ్లూ పడతాయి. రెండు కూడా పట్టకపోతే ఇన్ఫెక్షన్ నమిలే కండరాల దాకా పాకిందని అనుమానించాలి. కింద చివరి దవడ పళ్ల వేళ్లు నాలుక కింద ఉండే పలుచటి కండరానికి దిగువన ముగుస్తాయి. అందుకే అక్కడ పుట్టిన చీము ఒక్కోసారి నోట్లోకి రాకుండా మెడలోకి దిగుతుంది. లోపల నొప్పి తగ్గిందనిపిస్తుంది, బయట వాపు పెరుగుతుంది. షుగర్ ఎక్కువగా ఉన్నవాళ్లలో తెల్ల రక్తకణాలు సరిగా పోరాడలేవు కాబట్టి ఇది గంటల్లో ముదరొచ్చు.

మింగడం కష్టమై లాలాజలం బయటికి కారుతున్నా, నాలుక పైకి లేచినట్టున్నా, నోట్లో ముద్ద పెట్టుకున్నట్టు మాట మారినా, వాపు గట్టిపడి రెండో వైపుకు పాకినా, పడుకుంటే ఊపిరి ఆడకపోయినా క్లినిక్‌కు వెళ్లొద్దు. 108కి ఫోన్ చేసి, మత్తు డాక్టర్, ఐసీయూ ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లండి. దీన్ని లుడ్విగ్స్ ఆంజైనా అంటాం. ఇందులో ప్రాణానికి ముప్పు ఊపిరి దారి మూసుకుపోవడం వల్ల.

ఇక ఆ మెడికల్ షాపు మాత్రలు. ఆర్నెల్లలో ఎన్నిసార్లు వాడారో, ఏవి వాడారో మీరు రాయలేదు. బహుశా మీకూ గుర్తుండకపోవచ్చు. మీలాంటి వారు పంటి నొప్పికి డాక్టర్‌ను అడగకుండా మందులు కొనుక్కోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే ఇందులో ప్రతి మాత్రకూ మీ విషయంలో ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. తొమ్మిదేళ్ల షుగర్, పైగా టెల్మిసార్టాన్ ఉన్నప్పుడు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడకుండా వాటిని వాడకూడదు. ఒఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన యాంటీబయాటిక్ షాపుల్లో తరచూ ఇస్తుంటారు. అందులోని ఒఫ్లాక్సాసిన్ గ్లిమిపిరైడ్ వాడేవాళ్లలో షుగర్‌ని ఉన్నట్టుండి పడగొట్టగలదు. వాపు తగ్గడానికంటూ విడిగా చుట్టి ఇచ్చే చిన్న మాత్ర స్టెరాయిడ్ అయితే షుగర్ రెండు మూడు రోజులు 300 దాటి కూర్చోవచ్చు. కాబట్టి ఇంట్లో ఏ స్ట్రిప్పులు మిగిలినా, ఖాళీవైనా సరే, డాక్టర్ దగ్గరికి పట్టుకెళ్లండి.

మూడు రోజుల కోర్సుతో తగ్గి మళ్లీ ఎందుకు వస్తోందో కూడా తెలుసుకోండి. యాంటీబయాటిక్ రక్తం ద్వారా చేరాలి. నరం చచ్చిన పంటి లోపలికి రక్తం వెళ్లదు. చిగురు కింద గారలో పేరుకున్న పాచిలోకి మందు సరిగా చొరబడదు. చుట్టూ ఉన్న చీము తగ్గుతుంది, మూలం అలాగే ఉంటుంది. ఊగే దశకు వచ్చిన పంటిని ఆర్నెల్లు మాత్రలతో నెట్టుకురావడం పొరపాటండీ. నొప్పి మొదటిసారి వచ్చినప్పుడే ఒక ఎక్స్‌రే తీయించి ఉంటే బహుశా ఇంతదూరం వచ్చేది కాదు.

నొప్పికి ఈలోపు పారాసిటమాల్ 650 మి.గ్రా. ఆరు నుంచి ఎనిమిది గంటలకొకటి, రోజుకు నాలుగుకు మించకుండా వేసుకోవచ్చు. లివర్ జబ్బు, మద్యం అలవాటు ఉంటే అది కూడా అడిగే వాడాలి. లవంగ నూనె చిగురుకు పూయొద్దు, కాలుతుంది. వాపు మీద వేడి కాపడం అసలే వద్దు.

పుండు మానదన్న మాట సగమే నిజం. షుగర్ అదుపులో లేకపోతే ఆలస్యంగా మానుతుంది, ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం ఎక్కువ. కానీ చీము పట్టిన పన్ను నోట్లో ఉన్నంతకాలం షుగర్ కూడా దిగదు. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఒంట్లో పెరిగే హార్మోన్లు ఇన్సులిన్‌ను పని చేయనివ్వవు. షుగర్ తగ్గాక పన్ను తీద్దామని మీరు, పన్ను తీస్తేగానీ తగ్గనని షుగర్. ఇలా కూర్చుంటే తేలదు. తొందర లేని పంటికైతే హెచ్‌బీఏ1సీ 8 దరిదాపులకు వచ్చేదాకా ఆగమంటాం. చీము ఉన్న పంటికి ఆ లెక్క వర్తించదు. ముందు చీము తీసి, అవసరమైతే కొద్ది రోజులు ఇన్సులిన్ మీద పెట్టి పని పూర్తి చేస్తారు. మీ విషయంలో ఏది ముందు అన్నది మిమ్మల్ని చూసిన డాక్టరే చెప్పాలి. నరసరావుపేట నుంచి విజయవాడ ప్రభుత్వ డెంటల్ కాలేజీ మరీ దూరమేం కాదు.

పన్ను తీయించుకునే రోజు చాలామంది ఖాళీ కడుపుతో వస్తారు. చిగురుకు మాత్రమే మత్తు ఇచ్చే పనికి ఉపవాసం అక్కర్లేదు. పొద్దున ఇడ్లీయో ఉప్మాయో తిని, రోజూ వేసుకునే మాత్ర వేసుకుని, ఉదయం అపాయింట్‌మెంట్ తీసుకోండి. మాత్ర వేసుకుని తిండి మానేస్తే గ్లిమిపిరైడ్ వల్ల కుర్చీలోనే చెమటలు పట్టి, వణుకొచ్చి షుగర్ పడిపోతుంది. 70 లోపు వస్తే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూడాలి. డాపాగ్లిఫ్లోజిన్ జాతి మాత్ర వాడేవాళ్లు దాన్ని ఆపాలో వద్దో ముందే షుగర్ డాక్టర్‌ను అడగండి. గుండెకు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లు సొంతంగా ఆపొద్దు.

తీశాక దూదిని 45 నిమిషాలు గట్టిగా కరిచి పట్టండి. ఆ రోజంతా ఉమ్మొద్దు, పుక్కిలించొద్దు, స్ట్రాతో పీల్చొద్దు. గుంటలో గడ్డకట్టిన రక్తమే అక్కడ కట్టు లాంటిది, అది ఊడితే ఎముక బయటపడుతుంది. ఐస్‌క్రీమ్ తినమని ఎవరో ఒకరు చెబుతారు. మీకొద్దు, చల్లటి మజ్జిగన్నం చాలు. నమలలేక తిండి తగ్గితే ఆ పూట మాత్ర ఎంత వేసుకోవాలో డాక్టర్‌ను అడిగి వేసుకోండి. మర్నాటి నుంచి గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో అరచెంచా ఉప్పు వేసి మెల్లగా పుక్కిలించండి. బీడీ, సిగరెట్, ఖైనీ ఏ రూపంలోనూ వద్దు. మూడో రోజుకు నొప్పి తగ్గకపోగా పెరిగితే మళ్లీ చూపించుకోవాలి.

ఆ పన్ను పోయినంత మాత్రాన పని అయిపోదు. ఒక పన్ను ఊగే స్థితికి వచ్చిందంటే మిగతా పళ్ల చుట్టూ కూడా ఎముక అరిగి ఉండొచ్చు. చిగురుకూ పంటికీ మధ్య సందు 3 మిల్లీమీటర్లలోపు ఉంటే మామూలే. 5, 6 ఉంటే అక్కడికి మీ బ్రష్ చేరదు, డీప్ క్లీనింగ్ చేయించాలి. క్లీనింగ్ వల్ల పళ్లు వదులవుతాయన్నది అపోహ. గార పోయి, చిగురు వాపు తీశాక అంతకుముందే ఉన్న సందులు కనిపిస్తాయి, అంతే. చిగుళ్ల చికిత్స చేయించుకున్న షుగర్ పేషెంట్లలో మూడు, నాలుగు నెలలకు హెచ్‌బీఏ1సీ సగటున 0.4 దాకా తగ్గినట్టు పరిశోధనల్లో తేలింది. రాత్రి పడుకోబోయే ముందు రెండు నిమిషాలు మెత్తటి బ్రష్‌తో, ఫ్లోరైడ్ పేస్టుతో తోముకోవడం మాత్రం మానొద్దు. రక్తం వస్తోందని అక్కడ తోమడం ఆపేస్తే ఇంకా వస్తుంది.

పై దవడ గురించి మీరు అడగలేదు గానీ షుగర్ ఉన్న అందరికీ చెప్పాల్సిన మాట ఇది. పై పళ్లు రెండు మూడు ఒకేసారి ఊగినా, అంగిలి మీద నల్ల మచ్చ వచ్చినా, చెంప మొద్దుబారినా ఆరోజే ఆసుపత్రికి వెళ్లాలి. 2021లో కరోనా రెండో దశలో చూసిన బ్లాక్ ఫంగస్ అలాగే మొదలవుతుంది. కరోనా రాకపోయినా, షుగర్ బాగా పెరిగినవాళ్లకు అది వస్తుంది.

ఇంప్లాంట్ ఇప్పుడు వద్దు. గుంటలో ఎముక నిండడానికే మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. అప్పటికి హెచ్‌బీఏ1సీ 7.5 దగ్గరికి వచ్చి, చిగుళ్లలో రక్తం ఆగిపోతే పెట్టించుకోవచ్చు. అది ఎన్నేళ్లు మన్నుతుందన్నది ఎక్కువగా మీ షుగర్, మీ బ్రష్ మీదే ఆధారపడుతుంది. చివరి దవడ పన్నే అయితే అసలు పెట్టించాలా అన్నది కూడా అప్పుడు ఎక్స్‌రే చూసి నిర్ణయించుకోవచ్చు.