ఇంటిపేరు మారిన ఏడాది

చిరంజీవికి ఆశీస్సులు.

మీ పూర్వీకుల ఇంటిపేరు మారిన వైనం మీద నువ్వు రాస్తున్న పుస్తకంలోని మొదటి రెండు అధ్యాయాలు చదివాను. వాక్యం నీ చేతిలో చక్కగా ఒదిగింది. నా అభ్యంతరమల్లా ఒక్కటే. రేవులో గుమాస్తా తప్పుగా రాయడం వల్లే పేరు మారిందని మొదటి పుటలోనే తేల్చి చెప్పేశావు, ఎప్పుడు మారిందో మాత్రం రెండో అధ్యాయం ముగిసినా చెప్పలేదు.

ఈ పరిశోధనలో ఏడాది తేలనిదే కారణం తేలదు. పాత పేరు చివరిసారి కనిపించిన కాగితమేదో, కొత్త పేరు తొలిసారి కనిపించిన కాగితమేదో చూసుకొని, ఆ రెంటి మధ్య ఎడాన్ని వీలైనంత తగ్గించుకుంటూ పోవాలి. అది కొద్ది ఏళ్లకు దిగాక, ఆ ఏళ్లలో ఏం జరిగిందో వెతకవచ్చు: యుద్ధం, వలస, మతమార్పిడి, దత్తత, అప్పులు, పేరు మార్చుకుంటేనే ఆస్తి అని వీలునామాలో పెట్టిన షరతు. టర్కీలో ఒక కుటుంబానికి 1935 ప్రాంతంలో కొత్త ఇంటిపేరు కనిపిస్తే దాని వెనుక రహస్యమేదీ ఉండనక్కరలేదు. 1934లో వచ్చిన చట్టం ఇంటిపేరును తప్పనిసరి చేసింది. కొరియాలో 1940లో జపనీయ పేరు కనిపిస్తే అది వలసపాలన తెచ్చిన ఒత్తిడి. బ్రిటన్‌లో 1917 నాటికి జర్మన్ పేరు వదులుకున్న కుటుంబం గురించి లోతుగా ఊహించే పనే లేదు. జర్మనీతో యుద్ధం సాగుతున్న ఆ ఏడాది సాక్షాత్తు రాజకుటుంబమే పాత జర్మన్ పేరు వదిలి విండ్సర్ అయింది.

ఇక నీ మొదటి పుటలోని గుమాస్తా. రేవులో దిగగానే ఎవరో పేరు తప్పుగా రాసేశారన్న కథ అమెరికాకు వలస వెళ్లిన ఎన్నో కుటుంబాల్లోనూ ఉంది. అయితే న్యూయార్క్ రేవులో వలసవచ్చినవారిని తనిఖీ చేసిన ఎల్లిస్ ద్వీపంలో అధికారులు పేర్లు కొత్తగా రాసుకునేవారు కారు. ఓడ బయలుదేరిన రేవులోనే తయారైన ప్రయాణికుల పట్టీని ముందు పెట్టుకొని మనుషులను సరిచూసేవారు. చాలామంది ఆ తర్వాత, పనిలోనో బడిలోనో, తామే పేరు మార్చుకున్నారు. 1906 నాటి చట్టం పౌరసత్వమిచ్చే కోర్టుకే పేరు మార్చే అధికారం కూడా ఇచ్చింది. మీవాళ్లది వేరే రేవైనా ఆ గుమాస్తాను ఇంత తేలిగ్గా నమ్మకు, అలాగని కొట్టిపారేయకు. తానే మార్చుకున్న పేరును మరొకరు మార్చినట్టుగా ముత్తాత పిల్లలకు చెప్పి ఉంటే, అలా ఎందుకు చెప్పారన్నది ఒక అధ్యాయానికి తగిన ప్రశ్న.

కాగితాలు చదివేటప్పుడు సంతకం దగ్గర ఆగు. పెళ్లి రిజిస్టరులో వరుడి పేరు గుమాస్తా దస్తూరీలో ఒకలా ఉండి, కింద వరుడు పెట్టిన సంతకం మరోలా ఉందనుకో. అక్షరం వెంట అక్షరం కూడబలుక్కుని రాసినట్టుందా, అలవాటైన చేయి ఒక్క ఊపున లాగినట్టుందా? మొదటిదైతే పేరు కొత్తది కావచ్చు, లేదా మనిషికి రాత కొత్త కావచ్చు. రెండోదైతే ఆ పేరు ఆయనకు అప్పటికే పాతబడింది. ఇదంతా నకలులో కనిపించదు, ఎందుకంటే ఎత్తిరాసిన నకళ్లలో సంతకాలు కూడా గుమాస్తా చేతివే. అసలు రిజిస్టరు చూడవలసిందే. పైగా ఇంగ్లండులో పేరు మార్చుకోవడానికి ఏ పత్రమూ అక్కరలేదు, వాడుకలో పెట్టుకుంటే చాలు. కాబట్టి దస్తావేజు దొరకలేదు గనుక ఏదో దాచారని రాయడం అన్యాయం.

అన్నదమ్ముల్లో పేరు మార్చుకోనివారెవరో కూడా చూడు. ఇంటిల్లిపాదీ ఒకే ఏడాది మార్చుకుంటే కారణం బయటినుంచి వచ్చిందనుకోవచ్చు. ఒక్కరే మార్చుకుంటే ఆ ఒక్కరి పెళ్లి, వ్యాపారం, తండ్రి వీలునామా తిరగెయ్యాలి. అప్పటికీ రెండు కారణాలు మిగిలితే రెండూ రాసి, నీ మొగ్గు ఎటో, ఏ కాగితాన్ని బట్టి అటు మొగ్గావో పక్కనే చెప్పు. ముందుగా రెండో అధ్యాయాన్ని ఆ ఏడాది చుట్టూ తిరగరాసి పంపు; మొదటి అధ్యాయం సంగతి అప్పుడు చూద్దాం.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి