ఎన్నిసార్లు ఎయిర్ తీసినా బ్రేక్ పెడల్ మెత్తగానే ఉంటే

రాజోలు నుంచి అడిగినవారికి. పాత మారుతీ 800 హబ్బులు, బ్రేకులు తీసుకుని ఇంటి దగ్గరే పైపు ఫ్రేమ్‌తో బగ్గీ కట్టుకున్నారు. నాలుగు చక్రాలకీ ఎయిర్ తీశారు, అంటే బ్రేక్ ఆయిల్ లైన్లో చేరిన గాలిని బయటికి పంపారు. అయినా మొదటిసారి తొక్కితే పెడల్ నేలకి దిగిపోతోంది, వెంటనే మళ్లీ తొక్కితే కాస్త పైన పట్టుకుంటోంది. పెడల్ తొక్కినప్పుడు ఆయిల్‌ని చక్రాలకి నెట్టే మాస్టర్ సిలిండర్ మార్చెయ్యాలా అని మీ ప్రశ్న.

ఇప్పుడే మార్చకండి. మీరు పెట్టిన ముందు చక్రం ఫొటో చూడండి. కాలిపర్ (డిస్కుని ప్యాడ్లతో నొక్కి పట్టే భాగం) మీద ఎయిర్ తీసే నిప్పిల్, హోస్ పైపు కంటే కిందకి ఉంది. అంటే కుడివైపు కాలిపర్ ఎడమకి, ఎడమది కుడికి పడింది. పాత సామాన్ల కొట్టులో రెండూ ఒకే సంచిలో వేసి ఇస్తారు, ఏది ఎటుదో దాని మీద రాసి ఉండదు. బోల్టులు చక్కగా పడతాయి, డిస్కు తిరుగుతుంది, అంతా సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది. గాలి మాత్రం ఎప్పుడూ పైకే చేరుతుంది. నిప్పిల్ కిందుంటే ఆయిల్ ఒక్కటే బయటికొస్తుంది, గాలి పిస్టన్ వెనక పైభాగంలో అలాగే ఉండిపోతుంది. లీటరు ఆయిల్ పోసినా అంతే. తాపీమేస్త్రి మట్టం గొట్టంలో ఒక్క బుడగ మిగిలినా మట్టం తప్పుతుంది, అందుకే ముందు గొట్టం ఎత్తిపట్టి బుడగ పోగొడతాడు. ఇక్కడా చెయ్యాల్సింది అదే.

భీమవరం దగ్గర ఇంజనీరింగ్ కుర్రాళ్లు బాజా పోటీకి (కాలేజీ జట్లు తామే కట్టిన బగ్గీలతో దిగే పోటీ) బగ్గీ కడుతుంటే బ్రేకుల పనికి నేనూ వెళ్లేవాణ్ణి. ఆ పోటీలో పెడల్ తొక్కితే నాలుగు చక్రాలూ లాక్ అయి తీరాలి, లేకపోతే బండిని ట్రాక్ ఎక్కనివ్వరు. వాళ్ల బండి ముందు చక్రాలకీ ఇదే తిరకాసు. కాలిపర్లు అటూ ఇటూ మార్చి, నిప్పిల్‌కి పారదర్శకంగా ఉండే సన్న గొట్టం తగిలించి తొక్కించాం. ముందు నురగ వచ్చింది, ఆ వెనక వేలెడు పొడుగున గాలి, తర్వాత శుభ్రమైన ఆయిల్. లోపల తొక్కుతున్న కుర్రాడు "అన్నా, గట్టిపడింది" అని అక్కణ్ణుంచే కేకేశాడు.

మార్చడానికి వీల్లేని బిగింపైతే కాలిపర్ బోల్టులు ఊడదీసి, హోస్ మెలిపడకుండా పైకెత్తి, నిప్పిల్ ఆకాశం వైపు ఉండేలా పట్టుకుని ఎయిర్ తీయండి. ప్యాడ్ల మధ్య డిస్కంత మందం చెక్కముక్క పెట్టడం మరవకండి. లేకపోతే పిస్టన్ బయటికొచ్చేస్తుంది.

రెండో తొక్కుకి పెడల్ పైకొస్తోందన్నారు కాబట్టి వెనక డ్రమ్ములు కూడా చూడాలి. షూలకీ డ్రమ్ముకీ మధ్య సందు ఎక్కువుంటే, గాలి బొట్టు లేకపోయినా మొదటి తొక్కు ఆ సందు పూడ్చడానికే పోతుంది. హ్యాండ్ బ్రేక్ కేబుల్ పూర్తిగా వదులు చేసి, షూ డ్రమ్ముకి రాసుకునేదాకా అడ్జస్టర్ తిప్పి, చక్రం స్వేచ్ఛగా తిరిగేంత వెనక్కి తీసుకోండి. ఎయిర్ తీయడం ఆ తర్వాతే. పెడల్ కిందికి దిగి అక్కడ రాయిలా ఆగితే షూల సందు. ఎక్కడ ఆగినా మెత్తగా సాగుతుంటే గాలి. తొక్కిపట్టి ఉంచినప్పుడు మెల్లగా దిగిపోతుంటే ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ వాషర్లు అరిగాయి. అప్పుడు మార్చండి, తప్పులేదు.

మాస్టర్ సిలిండర్ ఎక్కడ బిగించారో మీరు రాయలేదు. బగ్గీల్లో చాలామంది పెడల్ పక్కనే నేలబారుగా పెడతారు. అది కాలిపర్ల కంటే కిందుంటే బండి నిలబడ్డప్పుడు ఆయిల్ వెనక్కి జారుతుంది, పొద్దున్నే పెడల్ మళ్లీ మెత్తగా అవుతుంది. అలాంటప్పుడు లైన్లో కాస్త ఒత్తిడి నిలిపి ఉంచే రెసిడ్యువల్ వాల్వ్ వెయ్యాలి: డిస్కులకి 2 పీఎస్ఐ, డ్రమ్ములకి 10. డిస్కుకి 10ది వేస్తే ప్యాడ్లు వదలవు. ఇంకొకటి, పెడల్ వదిలినప్పుడు పుష్‌రాడ్‌కీ (పెడల్ నుంచి వచ్చే కడ్డీ) మాస్టర్ సిలిండర్ పిస్టన్‌కీ మధ్య ఒక మిల్లీమీటరైనా ఆట ఉండాలి. లేదంటే ఆయిల్ డబ్బాలోకి వెనక్కి పోయే రంధ్రం మూసుకుపోయి, వేడెక్కేకొద్దీ బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి.

ఎయిర్ తీసేటప్పుడు ఇద్దరుండాలి. "తొక్కు" అన్నాక నిప్పిల్ వదులు చెయ్యాలి, బిగించాకే "వదులు" అనాలి. ఈ వరస తప్పితే బయటి గాలి లోపలికి లాగేస్తుంది. డబ్బాలో ఆయిల్ సగానికి దిగకుండా చూసుకోండి. పాత మాస్టర్ సిలిండర్ అయితే పెడల్ అడుగుదాకా తొక్కించకండి, కింద చెక్క అడ్డం పెట్టండి. ఇన్నాళ్లూ వాషరు పోని చోట తుప్పుంటుంది, అక్కడికెళితే వాషరు చిరుగుతుంది. విడి భాగాలు పెట్రోలుతో, కిరసనాయిలుతో కడిగే అలవాటు మన షెడ్లలో ఉంది. బ్రేకు రబ్బర్లకి అది విషం, ఉబ్బిపోతాయి. బ్రేక్ ఆయిల్‌తోనే కడగండి.

ఆయిల్ సీలు తీయని డబ్బాదే వాడండి. ఇది గాల్లో తేమని పీల్చుకుంటుంది, మన కోనసీమ గాలి సంగతి చెప్పక్కర్లేదు. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి దిగుతుంది. డాట్ 4కి 230, 155. అందుకని నేను డాట్ 4 పోస్తాను. డాట్ 5 సిలికాన్ రకం, వీటితో కలపకండి. రంగు మీద ఒలికితే వెంటనే నీళ్లు పొయ్యండి.

పైపుల విషయంలో గట్టిగా చెబుతాను: ఫ్రిజ్ మెకానిక్కు దగ్గర దొరికే రాగి గొట్టం బ్రేకులకి వెయ్యొద్దు. బ్రేకు కోసం చేసిన స్టీలు పైపో, రాగి–నికెల్ పైపో వేసి చివర డబుల్ ఫ్లేర్ (పైపు అంచుని రెండు మడతలుగా విప్పార్చడం) కొట్టించండి. హోస్‌ని కాలిపర్‌కి బిగించే బ్యాంజో బోల్టు విప్పిన ప్రతిసారీ రెండువైపులా రాగి వాషర్లు కొత్తవి. రాజోలు నుంచి అంతర్వేది దాకా ఉప్పుగాలే, రొయ్యల చెరువుల ఉప్పునీరు పైగా. స్టీలు పైపుని ఫ్రేముకి కట్టిన క్లిప్పుల కింద తుప్పు ముందు మొదలవుతుంది, అక్కడ వేలు పెట్టి తడుముతుండండి. నిప్పిల్ మీద రబ్బరు టోపీ లేకపోతే మరుసటేడు విప్పబోతే విరుగుతుంది.

అన్నీ అయ్యాక ఇంజను ఆపి, ఒకరు బలంగా తొక్కిపట్టి ఉండగా మరొకరు ప్రతి జాయింటునీ పొడి కాగితంతో ఒత్తి చూడాలి. తడి తగలకపోతే కోత అయిపోయిన ఎండు చేలో నడిచే వేగంతో మొదలుపెట్టండి. కాలవ గట్టు మీద మాత్రం వద్దు, బ్రేకు పడకపోతే అటు నీళ్లు, ఇటు చేను. రిజిస్ట్రేషన్ లేని బండి ఎలాగూ రోడ్డెక్కకూడదు. ఆ మొదటి తిరుగుడు తర్వాత కాలిపర్ బోల్టులు మళ్లీ ఒకసారి బిగించి, మాస్టర్ సిలిండర్ ఫొటో పెట్టండి, వాల్వ్ కావాలో వద్దో చూసి చెబుతాను.