కేసు సంగతి సరే, బావగారి సంగతి చెప్పండి

అమలాపురం దగ్గర పల్లె నుంచి రాసిన సోదరికి,

నాలుగేళ్ళ బాబుకు వేడినీళ్ళ కాగు ఒరిగి రెండు పాదాలూ కాలాయనీ, మరునాడు సాయంత్రం పెద్దాసుపత్రికి తీసుకువెళితే డ్యూటీ డాక్టరు అడిగిందే మళ్ళీ మళ్ళీ అడిగి, మిమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి, నర్సు చేత బాబుతో విడిగా మాట్లాడించి, చివరకు మెడికో లీగల్ కేసుగా రాసి పోలీసులకు కబురు పంపారనీ రాశారు. మీ భర్త కువైట్‌లో ఉండగా ఇంటికి పెద్దదిక్కయిన బావగారి పరువు పోయిందనీ, కేసు కొట్టివేయించడానికి ఎవరిని కలవాలో చెప్పమనీ అడిగారు. ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పను. ఆ కాగితం రాయడానికి మీ ఇంటివారి అనుమతి అవసరం లేదు, దానిని చింపించడానికి ఎవరి పలుకుబడీ వాడకూడదు.

ఆ డాక్టరమ్మకు మనసు లేదన్నారు. ఆమె చూసినదేమిటో మీరూ చూడండి. కాగు ఒరిగితే నీళ్ళు చిందుతాయి, కిందికి జారుతూ చల్లారుతాయి కనుక గాయం ఎగుడుదిగుడుగా, అక్కడక్కడా ఉంటుంది. బాబుకు రెండు కాళ్ళూ చీలమండల దాకా, మేజోళ్ళు తొడిగినట్లు, ఒకే మట్టానికి కాలాయని మీరే రాశారు. పాదాలను వేడినీటిలో పెట్టి కదలనివ్వకుండా పట్టుకున్నప్పుడు అలాంటి గీత పడుతుంది. చెప్పిన మాటకూ గాయానికీ పొంతన లేకపోవడం, పైగా ఒక రోజు ఆలస్యం కావడం చూసి కూడా మందు రాసి పంపించివేస్తే ఆమెను నేను తప్పుపట్టేదాన్ని. ఇంటివారి ఎదుట పసివాడు నోరు విప్పడు కనుకనే విడిగా మాట్లాడించారు. ఎవరు చేశారో తేల్చే బాధ్యత ఆసుపత్రిది కాదు, అనుమానాన్ని దాచకుండా రాసి తెలియజేయడం వరకే వారి వంతు.

బాబు ఇంకా పక్క తడుపుతున్నాడనీ, బావగారికి అది గిట్టదనీ ఏదో మాటవరసకన్నట్లు రాశారు. నన్ను పట్టి ఆపిన వాక్యం అదే. ఆ వయసులో పక్క తడపడం సహజం. దానికే కోపం పట్టలేని పెద్దల వల్ల ఇలాంటి గాయాలు అవుతాయని పిల్లల వైద్యులు ఎరుగుదురు. బావగారే చేశారని నేను అనడం లేదు, అది విచారణలో తేలుతుంది. అయితే కువైట్ డబ్బు ఆయన చేతికే వస్తుందనీ, ఆయన ఎదుట ఏనాడూ గొంతెత్తలేదనీ రాసిన మీరు, బాబు కాళ్ళు కాలిన వేళ పెరట్లో ఎవరున్నారో మాత్రం రాయలేదు. పెద్దవారిని గౌరవించవలసిందే, కానీ బిడ్డ ఒంటిమీద చేయి పడిన చోట ఆ గౌరవం ఆగిపోవాలని నేను గట్టిగా నమ్ముతాను. బిడ్డ ఎవరి సంరక్షణలో ఉన్నాడో వారు హింసించినా, కావాలని నిర్లక్ష్యం చేసినా 2015 నాటి బాలల న్యాయ చట్టం 75వ సెక్షను కింద 3 ఏళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చు. ఆ సంరక్షకులలో తల్లి కూడా ఉంటుంది.

బాబు వార్డులో ఉండగానే మీ భర్తకు ఫోన్ చేసి, బావగారు పక్కన లేని వేళ జరిగినదంతా చెప్పండి. డిశ్చార్జి అయ్యాక కొంతకాలం పుట్టింట్లో ఉండండి, కట్లు మార్పించడం మానకండి. వెళ్ళనివ్వకపోతే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి, రాత్రీ పగలూ పలుకుతారు. పోలీసులు గానీ బాలల సంక్షేమ కమిటీ వారు గానీ అడిగినప్పుడు, బావగారు చెప్పమన్నది కాకుండా మీరు కళ్ళారా చూసినది చెప్పండి.