ఎస్‌ఏఈ (క్లినికల్ ట్రయల్‌లో తీవ్ర ప్రతికూల ఘటన) రిపోర్టు మీద ఎథిక్స్ కమిటీ (ట్రయల్ పేషెంట్ల భద్రత చూసే కమిటీ) ఎందుకు అభ్యంతరం చెప్పింది?

శుక్రవారం రాత్రి ట్రయల్ పేషెంట్ వేరే ఆసుపత్రిలో చేరారు, మీకు ఆదివారం తెలిసింది, వెంటనే స్పాన్సర్‌కు (ట్రయల్ చేయించే సంస్థకు) మెయిల్ పెట్టారు. చిక్కు అక్కడే. 2019 కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం రిపోర్టుకు ఉన్న 24 గంటల లెక్క ఘటన జరిగినప్పటి నుంచి, మీకు తెలిసినప్పటి నుంచి కాదు. పైగా స్పాన్సర్‌కు చెబితే సరిపోదు.

1. రిపోర్టు డీసీజీఐకి (దేశ ఔషధ నియంత్రణాధికారికి), స్పాన్సర్‌కు, ఎథిక్స్ కమిటీకి విడివిడిగా వెళ్లాలి. మూడింటి అకనాలెడ్జ్‌మెంట్లూ సైట్ ఫైల్‌లో (మీ ట్రయల్ కేంద్రం రికార్డుల్లో) పెట్టండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: ఆలస్యానికి కారణం రిపోర్టుతో పాటే రాసివ్వాలి. "సెలవు రోజులు" అంటే నిలవదు. ఎవరు, ఎప్పుడు, ఎలా తెలిపారో తేదీ, టైముతో రాయండి, ఆ కాల్ వివరం సోర్స్ నోట్స్‌లోనూ (పేషెంట్ గురించి మొదట రాసుకునే అసలు రికార్డుల్లో) ఉండాలి. పాత తేదీ మాత్రం దయచేసి వేయకండి. ఆలస్యాన్ని వివరించుకోవచ్చు, దిద్దిన రికార్డును కాపాడుకోలేం.

3. విశ్లేషణతో కూడిన రిపోర్టుకు గడువు ఘటన నుంచి 14 రోజులు. ఇదీ శుక్రవారం నుంచే లెక్క.

4. ట్రయల్‌తో సంబంధం లేదని తేలేదాకా వైద్యం ఉచితమే. పేషెంట్ చేత బిల్లు కట్టించారేమో ఇవాళే కనుక్కోండి.