బెజవాడలో ఉంటూ రాక్ బ్యాండ్లకి బ్యాకింగ్ వోకల్స్ పాడి బతకొచ్చా?

అలా మెయిన్ సింగర్ వెనకాల కోరస్ పాడుతూ ఉండిపోతే లీడ్, అంటే ముందు నిలబడి పాడే ఛాన్స్ ఎప్పటికీ రాదేమో అని కూడా అడిగారు కదండీ. నేను బెజవాడ, గుంటూరు ఆర్కెస్ట్రాల్లో చాలా ఏళ్ళుగా కోరస్ పాడుతున్నా, పెళ్ళిళ్ళు, కళాక్షేత్రంలో ప్రోగ్రాములు, అప్పుడప్పుడూ హైదరాబాద్‌లో రికార్డింగులు. విదేశీ బ్యాండ్లతో పాడలేదు గానీ పని మాత్రం ఇదే పని.

ముందు ఆ లీడ్ బెంగ తీసేయండి. అమెరికన్ సింగర్ లిసా ఫిషర్ 1989 నుంచి 2015 దాకా రోలింగ్ స్టోన్స్ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్ టూర్లలో వెనక గొంతు పాడింది, మధ్యలో 1992లో సొంత పాటకి గ్రామీ అవార్డు వచ్చినా ఆ పని వదల్లేదు. ఇది లీడ్ కంటే తక్కువ పని కాదు, వేరే విద్య.

మనం టీచర్ దగ్గర నేర్చుకునేదంతా ఒక్క గొంతు సంగీతం. లీడ్ స దగ్గరుంటే మనం గ మీదో ప మీదో నిలబడటం అలవాటుండదు, చెవి ఊరికే మెయిన్ ట్యూన్ వైపు లాగేస్తుంది. గమకం కూడా అంతే, ఒక్కళ్ళు వేస్తే అందం, ముగ్గురు మూడు రకాలుగా వేస్తే గోల, అందుకని స్వరాన్ని కదపకుండా నిలపడం నేర్చుకోవాలి. ఇంగ్లీష్ పాటల్లో లైను చివర స్ అనో ట్ అనో వస్తుంది చూడండి, అందరూ పలికితే టపటపా వేరేవేరేగా వినపడుతుంది, అందుకే చాలాచోట్ల ఒక్కళ్ళే ఆ శబ్దం పలుకుతారు, మిగతావాళ్ళు అచ్చు మీదే ఆపేస్తారు. ఇవన్నీ నేర్పే చోటు మన దగ్గర ఉంది, చర్చి క్వాయర్. గుంటూరు లూథరన్ చర్చిల్లో ఆల్టో (ఆడవాళ్ళ కింది గొంతు), టెనర్ (మగవాళ్ళ పై గొంతు) విడివిడిగా పాడేవాళ్ళ పక్కన కూర్చుంటే నాకు హార్మనీ, అంటే ఒకేసారి వేరేవేరే స్వరాలు కలిపి పాడటం వినే చెవి తెరుచుకుంది. 1969లో స్టోన్స్ పాట గిమ్మీ షెల్టర్‌లో ఆ పైగొంతు పాడిన మెర్రీ క్లేటన్ కూడా చర్చిలో పాడుతూ పెరిగిన మనిషే.

ఇక డబ్బు సంగతి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. 1973లో పింక్ ఫ్లాయిడ్ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్ ఆల్బమ్‌లో ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై పాటకి మాటల్లేకుండా గొంతుతో ప్రాణం పోసింది క్లేర్ టోరీ, అప్పుడు ఆమెకిచ్చింది 30 పౌండ్లు. 2004లో కేసు వేసింది, 2005లో సెటిల్ అయ్యాక ఆ పాట కట్టినవాళ్ళుగా బ్యాండ్‌లో కీబోర్డ్ వాయించే రిచర్డ్ రైట్‌తో పాటు ఆమె పేరు కూడా పడింది. ముప్ఫై ఏళ్ళు పట్టిందండీ! మన చట్టంలో కూడా సినిమాలో ఏదో కాసేపు పాడి క్రెడిట్స్‌లో పేరు లేకపోతే చాలా హక్కులకి మిమ్మల్ని పెర్ఫార్మర్‌గానే లెక్కెయ్యరు. మా కోరస్ పాడిన ప్రోగ్రాం ఒకటి ఈవెంట్ వాళ్ళు యూట్యూబ్‌లో పెట్టుకున్నారు, లీడ్ పేర్లు మాత్రమే వేశారు, ఇప్పటికీ బాధే. అందుకే మైక్ ముందుకెళ్ళక ముందే పేమెంట్, పేరు, రికార్డింగ్ ఎక్కడ వాడతారన్నది కనీసం వాట్సాప్‌లో అయినా రాయించుకోండి, పెద్ద బ్యానరయినా సరే.

ఒక్క రాక్ మీదే ఇక్కడ ఇల్లు గడవదు, పెళ్ళి ఆర్కెస్ట్రా, గాస్పెల్ (క్రైస్తవ పాటల) ఆల్బమ్స్, ట్రాక్స్ (అసలు సింగర్ కంటే ముందు నమూనాగా) పాడటం అన్నీ కలుపుకోవాలి, బ్యాండ్ల కోసం హైదరాబాద్, బెంగళూరు తిరగాలి. ఆడిషన్‌కి సోలో ఒక్కటే పట్టుకెళ్ళకండి, ఏదైనా పాటకి కింద, పైన రెండు హార్మనీ లైన్లు మీరే పాడి ఫోన్లో మిక్స్ చేసుకుని వినిపించండి, కోరస్‌కి మనిషిని వెతికేవాళ్ళు వినేది అదే.