సగటు లెక్క, బోనులో మనిషి

నెల్లూరు

అమ్మాయీ, ఆశీస్సులు.

లా విద్యార్థుల కోసం నువ్వు తెలుగులో రాస్తున్న సైకాలజీ పాఠాల్లో మొదటిది చదివాను. భాష బాగుంది. అయితే పాఠం జ్ఞాపకశక్తి నిర్వచనంతో మొదలై, దాని రకాల్లోకి వెళ్లిపోయింది. కోర్టు ఎక్కడో చివర కనపడింది. దాన్ని తిరగెయ్యి. కావలి నుంచో కందుకూరు నుంచో బస్సెక్కి వచ్చే పిల్లలకు కోర్టు అడిగే ప్రశ్న ముందు కనపడాలి. ఈ సాక్షి చెప్పేది నమ్మొచ్చా? నమ్మితే ఎంతవరకు? ఆ ప్రశ్నకు ఎంత సైకాలజీ కావాలో అంతే చెప్పు.

ఈ సబ్జెక్టులో అసలు చిక్కు వేరే ఉంది. సైకాలజీ చాలామందిని పరీక్షించి సగటు చెప్తుంది. జడ్జి గారికి కావలసింది బోనులో నిలబడ్డ ఒక్క మనిషి సంగతి. సగటును తెచ్చి ఆ ఒక్క మనిషికి అంటగట్టడం పిల్లలు ఎక్కువగా చేసే తప్పు. నీ పుస్తకంలో ప్రతి పాఠమూ ఆ తప్పును ఆపాలి.

1974లో అమెరికాలో సైకాలజిస్టులు ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ ప్రచురించిన ప్రయోగాన్నే తీసుకో. 45 మంది విద్యార్థులకు కారు ప్రమాదాల ఫిల్ములు చూపించి వేగం ఎంతని అడిగారు. ప్రశ్నలో ఒక్క క్రియ మార్చారు. బలంగా గుద్దుకున్నాయన్న అర్థమొచ్చే మాట వాడితే సగటున గంటకు 40 మైళ్లకు పైగా అన్నారు. ఊరికే తగిలాయన్న మాట వాడితే 31.8. నువ్వు ఇక్కడితో ఆపేశావు. రెండో ప్రయోగం ఇంకా ముఖ్యం. అందులో 150 మందికి ఫిల్ము చూపించి మూడు గుంపులు చేశారు. ఒక గుంపును గట్టి మాటతో, ఇంకోదాన్ని మామూలు మాటతో వేగం అడిగారు, మూడోదాన్ని అడగలేదు. వారం తర్వాత పిలిచి, పగిలిన అద్దం చూశారా అని అడిగారు. ఫిల్ములో అద్దమేమీ పగల్లేదు. గట్టి మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. మామూలు మాట విన్నవాళ్లలో 7గురు, వేగం గురించి అసలు అడగని గుంపులో 6గురు అన్నారు. ఇప్పుడు పిల్లల చేత ఇంకో లెక్క వేయించు. గట్టి మాట విన్నా 34 మంది లేని అద్దాన్ని చూశామనలేదు. బోనులో ఉన్న సాక్షి ఆ 16 మందిలాంటివాడా, ఈ 34 మందిలాంటివాడా? ప్రయోగం ఆ సంగతి చెప్పదు. ప్రశ్న వల్ల జవాబు మారే ప్రమాదం ఉందని మాత్రం చెప్తుంది. ఈ తేడా రాయకపోతే, పరీక్షలో ‘ప్రత్యక్ష సాక్షులను నమ్మరాదు’ అని రాసొస్తారు. అది తప్పు, చట్టమూ అలా అనదు.

ఇదే ప్రయోగం తరగతిలో చేయించు. అరవై మంది ఉంటే రెండు గుంపులు చెయ్యి. అర నిమిషం క్లిప్ చాలు. ఒక గుంపు చీటీలో ‘గుద్దుకున్నప్పుడు’, రెండోదాంట్లో ‘తగిలినప్పుడు’ అని రాయి, మిగతా వాక్యం అక్షరం మారకూడదు. చెడేదెక్కడంటే, పక్కపక్కన కూర్చున్నవాళ్లు చీటీలు చూసుకుంటారు. అందుకని రెండు గుంపులనూ వేరే గదుల్లో కూర్చోబెట్టు. సంగతేమిటో ముందే చెప్తే ప్రయోగం పోయినట్టే. ఒక్క తరగతిలో తేడా రాకపోవచ్చు కూడా. రాకపోతే రాలేదనే బోర్డు మీద రాయి, ఎందుకు రాలేదో వాళ్ల చేతే చెప్పించు. క్లిప్‌లో ఎవరికీ దెబ్బలు తగలకూడదు. హైవే పక్క ఊళ్ల పిల్లల్లో ఇంటి మనిషిని రోడ్డు మీద పోగొట్టుకున్నవాళ్లు ఉంటారు. క్లిప్‌లో ప్రమాదం ఉంటుందని మాత్రం ముందు రోజే చెప్పి, వద్దన్నవాళ్లను కారణం అడక్కుండా వదిలెయ్.

ప్రయోగం అయ్యాక చట్టం తియ్యి. కొత్త సాక్ష్య చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియమ్, సెక్షన్ 146 ప్రకారం, అడిగేవాడు కోరుకునే జవాబును సూచించేది లీడింగ్ ప్రశ్న. ఎదుటి పక్షం అభ్యంతరం చెప్తే, కోర్టు అనుమతి లేకుండా చీఫ్‌లో, అంటే సొంత సాక్షిని మొదట విచారించేటప్పుడు, అడగకూడదు. క్రాస్‌లో, అంటే ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించేటప్పుడు, అడగొచ్చు. సొంత సాక్షి మనం అందించిన మాట అందుకుంటాడు, ఎదుటి పక్షం సాక్షి ఎదురు తిరుగుతాడు అన్న అంచనా దీని వెనక ఉంది. చిన్నపిల్లల దగ్గర ఆ అంచనా నిలబడదు. అందుకే పిల్లల మీద లైంగిక నేరాలకు వర్తించే పోక్సో చట్టం సెక్షన్ 33 క్రాస్‌లో కూడా ప్రశ్నలు స్పెషల్ కోర్టు ద్వారానే బిడ్డకు చేరాలంటుంది, దూకుడుగా అడగనివ్వదు. ఈ రెండు సెక్షన్లూ పక్కపక్కన పెట్టి చదివిస్తే సగం పాఠం అయిపోయినట్టే.

పోలీసుల ముందు ఇచ్చే స్టేట్‌మెంట్ మీద కాస్త ఎక్కువ పేజీలు ఖర్చు పెట్టు. సాక్షి తన ఊరి మాటలో, ఇందుకూరుపేట మాటలో అనుకో, చెప్తాడు. రాసేవాళ్లు స్టేషన్ భాషలో రాస్తారు. దాని మీద సాక్షి సంతకం తీసుకోకూడదని చట్టమే చెప్తుంది. తర్వాత బోనులో, అప్పుడు ఇలా చెప్పలేదు కదా అని లాయర్ నిలదీసినప్పుడు, మారింది జ్ఞాపకమా, రాసిన మాటా అన్నది విద్యార్థి అడగాలి. ఒక పిల్లవాడు చెప్పింది ఇంకొకడు స్టేట్‌మెంట్‌గా రాయాలి, మూడోవాడు దాని మీద క్రాస్ చెయ్యాలి. గంటలో అయిపోతుంది.

సెక్షన్ నంబర్లు పాతవీ కొత్తవీ రెండూ ఇవ్వు. కొత్త చట్టాలు 2024 జులై 1న అమల్లోకొచ్చినా కోర్టు హాల్లో 161 స్టేట్‌మెంట్ (పోలీసులు రాసుకునేది), 164 స్టేట్‌మెంట్ (మేజిస్ట్రేట్ రాసుకునేది) అనే మాటలు పోలేదు. పాత సీఆర్‌పీసీలోని ఆ సెక్షన్లు ఇప్పుడు కొత్త భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 180, 183. పాత తీర్పులన్నీ పాత నంబర్లతోనే ఉంటాయి.

మతిస్థిమితం పాఠంలో పాత శిక్షాస్మృతి ఐపీసీ 84, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 22 రాయి. డాక్టర్ పెట్టిన రోగం పేరు ఒక్కటే ముద్దాయిని బయటపడెయ్యదు. నేరం జరిగిన ఆ క్షణంలో చేసే పని ఎలాంటిదో, అది తప్పో చట్టవిరుద్ధమో తెలుసుకోలేని స్థితి మనోవైకల్యం వల్ల ఉందా అన్నదే ప్రశ్న. దహ్యాభాయి ఛగన్‌భాయి ఠక్కర్ కేసులో సుప్రీంకోర్టు 1964లో ఇచ్చిన తీర్పు చదివించు, రుజువు భారం ఎవరిదో, ఎంతో అందులో తేటగా ఉంది. మందు ఇచ్చి మత్తులో ప్రశ్నించే నార్కో పరీక్ష గురించి పిల్లలు తప్పకుండా అడుగుతారు. సుప్రీంకోర్టు 2010 సెల్వి తీర్పు ఉంది, ఇష్టం లేకుండా చేయకూడదు. ఒక పేజీ చాలు.

ఉదాహరణలకు మన జిల్లా కేసులు వాడాలని నీకుంటుంది. బతికున్న మనుషులవి వద్దు. లైంగిక నేరాల్లో అయితే పేరు తీసేసినా ఊరు, వీధి, వృత్తి కలిస్తే బాధితురాలెవరో తెలిసిపోతుంది. రొయ్యల చెరువు గట్టు తగాదానో, సంతలో దొంగతనమో నువ్వే కల్పించి, కల్పితమని పైన రాయి.

పాఠం చివర ప్రశ్న కూడా నువ్వే తయారుచెయ్యి. పది మార్కుల ప్రశ్నలో ప్రయోగం చెప్పినందుకు మూడు, సెక్షన్ చెప్పినందుకు మూడు, ఆ ప్రయోగం ఈ సాక్షి గురించి ఏం చెప్పలేదో రాసినందుకు నాలుగు పెట్టు. మార్కులు ఎక్కడుంటే పిల్లలు అక్కడే చదువుతారు. తిరగరాసిన పాఠంతో పాటు ఆ ప్రశ్న కూడా పంపు.

ఆశీస్సులతో